నీలితొట్టి ఇంటి అద్దె

అద్దకం గది నుంచి,
వానలు తగ్గిన వారం.

మా పిచ్చుకకు,

ఈ ఉత్తరం వెనకాలే ఒక పార్సిలు వస్తుంది. విప్పగానే ముక్కు మూసుకోకు. నీలిమందు వాసన నీకు చిన్నప్పటి నుంచీ పడదని మీ అన్నయ్య చెప్పేవారు. కిటికీ దగ్గర ఆరేస్తే పోతుంది. అది దుప్పటి. మందపాటి నూలు, మంచి నేత. కొట్లో చూడగానే నీ హాస్టల్ గదిలో ఆ ఇనప మంచం గుర్తొచ్చింది. తెల్లది తెచ్చి మన తొట్టిలోనే ముంచాను. ముంచడం, తీసి గాలికి ఆరేయడం, మళ్ళీ ముంచడం. నీకిష్టమైన నలుపు తిరిగిన నీలం రావాలంటే అంత ఓపిక ఉండాలి. ఇప్పుడు మోచేతుల దాకా నేనూ అదే రంగులో ఉన్నాను. కూరగాయల కొట్టువాడు చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెడుతున్నాడు.

ఇంత మంచి దుప్పటి ఎందుకంటావని తెలుసు. ఈమధ్య ఏమిటో నా చేతిలో డబ్బు నిలుస్తోంది. పని పెరిగిందా అంటే లేదు, ఖర్చు తగ్గిందా అంటే అదీ లేదు. బ్యాంకుకి వెళ్ళి అడిగితే మాత్రం నేననుకున్న దానికంటే ఎక్కువే ఉందంటున్నారు. లెక్కల్లో నేనెప్పుడూ మొద్దునే, కానీ మొద్దులకి కూడా మంచి రోజులు రావాలి కదా. ఆ మిగులుతోనే తొట్టి మీద కారుతున్న కప్పు బాగుచేయించాను. ఇల్లు నీది కాబట్టి చెప్పాలని చెబుతున్నాను, డబ్బు ఇమ్మని కాదు. వాన నీళ్ళు పడితే తొట్టి చచ్చిపోతుంది. నేను ఆగలేకపోయాను.

ఇక ఆ రెండో మాట, మన ఒప్పందం ప్రకారం నేను ఎత్తను. ఒకటో తారీఖున బ్యాంకే నా ఖాతాలోంచి తీసి నీ ఖాతాలో వేస్తోంది. నువ్వూ నేనూ వదినా మరదళ్ళలా హాయిగా ఉన్నాం. మీ అన్నయ్య చనిపోయిన ఏడాది ఎలా ఉన్నామో గుర్తుందిగా. నేను అద్దె తెచ్చి నీ చేతిలో పెట్టడం, నువ్వు సగం నా సంచిలోనే దాచేయడం, నేను రోషపడి తిరిగి పంపడం, ఆఖరికి ఇద్దరం మాటలు మానేసి కూర్చోవడం. అద్దె అనే మాట ఇంక మన మధ్య రాకూడదని ఒట్టు పెట్టుకున్నాకే కదా మళ్ళీ మనుషులమయ్యాం. చూశావా, ఎత్తనంటూనే ఎత్తేశాను. ఈ పేజీ చించెయ్యి.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఎడమ చెవి ఎలాగూ పనిచేయదు. కుడి చెవికి నీ 'ఆఁ, ఊఁ' చాలవు. కాగితం మీదైతేనే నువ్వు కాస్త నోరు విప్పుతావు.

నీ వదిన


నర్సుల హాస్టల్, కింది అంతస్తు,
చలి మొదలైంది.

వదినకు,

దుప్పటి అందింది. చాలా బాగుంది. కిటికీ దగ్గర ఆరేయమన్నావు, నేను ఆరేయలేదు. చిన్నప్పుడు అన్నయ్య పనిలోంచి వస్తే ముక్కు మూసుకుని పారిపోయేదాన్ని. ఇప్పుడు ఆ వాసన కప్పుకుని పడుకుంటే నిద్ర పడుతోంది.

కానీ వదినా, ఇప్పుడు ఇంత ఖర్చు ఎందుకు పెట్టావు? నా మంచానికి పాత దుప్పటి సరిపోయేది. కప్పు కూడా, నాతో ఒక్క మాట చెబితే నేనేదో చూసేదాన్ని. నీ ఒంట్లో ఎలా ఉంది? పని నిజంగా బాగానే ఉందా? ఇబ్బంది ఏదైనా ఉంటే నాతో చెప్పొచ్చు. ఎలాంటి ఇబ్బంది అయినా సరే, నేనేమీ అనుకోను. చెప్పకపోయినా ఏమీ అనుకోను.

మా హాస్టల్ కమిటీ వాళ్ళు గదులన్నిటికీ కర్టెన్లు వేయించాలనుకుంటున్నారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్లలు పగలు నిద్రపోవాలి. గదుల్లోకి ఎండ నేరుగా పడుతుంది, మొహాల మీద తువ్వాళ్ళు వేసుకుని పడుకుంటున్నారు. వెలుతురు ఆపేంత ముదురు నీలం కావాలి. వార్డెన్‌ని నేనే కాబట్టి నీ పేరు చెప్పాను. బట్ట పంపిస్తారు. అడ్వాన్సు నీ ఖాతాలో వేస్తారు. కాదనకు.

వేళకి తిను.

పిచ్చుక


అద్దకం గది నుంచి,
మంచు కురుస్తున్న పొద్దున.

పిచ్చుకా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. దుప్పటి బాగుందని ఒక్క ముక్క, ఎందుకు కొన్నావని పది ముక్కలు. ఒక మనిషి ఇష్టపడి ఇంకో మనిషికి దుప్పటి కొనడం మీ హాస్టల్లో నేరమా? నాకే ఇబ్బందీ లేదు, గుండ్రాయిలా ఉన్నాను. చెప్పకపోయినా ఏమీ అనుకోనన్నావే, ఆ మాటే నాకు అర్థం కాలేదు. నువ్వు ఏమీ అనుకోనంటే ఏదో అనుకుంటున్నావనే లెక్క. నిన్ను గౌన్లు వేసుకునే వయసు నుంచి చూస్తున్నాను.

సరే, కర్టెన్ల బట్ట వచ్చింది. అడ్వాన్సూ పడింది. ఒక్క గుడ్డ అద్దకముందే ఇంత ఇచ్చే కమిటీని నా జన్మలో చూడలేదు. నీ మాటంటే వాళ్ళకి అంత గురి కాబోలు. నాకు గర్వంగా అనిపించింది, పక్కింటి దర్జీతో చెప్పుకున్నాను కూడా.

పని మాత్రం మెల్లగా సాగుతుంది. చలికి తొట్టి మందగించింది. నీకెప్పుడూ ముక్కు మూసుకోవడమే సరిపోయింది కాబట్టి చెబుతున్నాను, విను. మీ అన్నయ్య దీన్ని నేలలో దింపి కట్టిన రోజు నుంచి ఇప్పటిదాకా ఖాళీ చేసింది లేదు. నీలిమందు, సున్నం, తవుడు వేసి పులియబెడితే అందులో ఒక ప్రాణం పుడుతుంది. ఆ ప్రాణానికి రోజూ కలపాలి, అప్పుడప్పుడు తవుడు పెట్టాలి, చలి వేస్తే గోనెలు కప్పాలి. పొద్దున మూత తీస్తే పైన రాగిరంగు తెట్టు, మధ్యలో నురగ పువ్వులా లేచి ఉంటే అది బాగున్నట్టు. గుడ్డ ముంచి తీసినప్పుడు ఆకుపచ్చగా వస్తుంది, గాలి తగిలాకే నీలమవుతుంది. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో అది చూసి రంగు చెడగొట్టానని ఏడిస్తే, "కాసేపు గాలికి వదిలెయ్, అదే తిరుగుతుంది" అన్నారాయన. పిల్లల్లేని ఇంట్లో పొద్దున్నే లేచి చూసుకోవడానికి అదొకటుంది. ఇవాళ మూత తీస్తే పువ్వు చిన్నదిగా ఉంది, తవుడు వేసి వచ్చి రాస్తున్నాను.

నీ మనసులో ఏముందో రాయి. ఎలాంటిదైనా సరే, నేనేమీ అనుకోను. నీ మాటే నీకు.

వదిన


నర్సుల హాస్టల్,
సోమవారం, తొందరలో.

వదినా,

ఈ వారంలో ఎవరైనా ఇల్లు చూడటానికి వస్తే కంగారు పడకు. ఏవో కాగితాల కోసం కొలతలు తీసుకుని వెళ్ళిపోతారు. నేనే వద్దామనుకున్నాను, ఇన్‌స్పెక్షన్ ఉంది, సెలవు దొరకలేదు. కర్టెన్లకి తొందరేమీ లేదు.

పిచ్చుక


అద్దకం గది నుంచి.

ఇంటి యజమానురాలు ఆడపడుచు గారికి,

మీరు పంపిన మనిషి వచ్చి వెళ్ళాడు. మర్యాదస్తుడే, చెప్పులు బయట విడిచి వచ్చాడు. టేపు పెట్టి గదులన్నీ కొలిచాడు. తొట్టి దగ్గరికి వచ్చి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఈ గుంటలో ఏముందని అడిగాడు. చెప్పాను. ఫోటో తీసుకున్నాడు. దీన్ని పూడ్చేస్తే గది విశాలంగా ఉంటుంది, విలువ పెరుగుతుంది అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు, నా చెవికి అందలేదు. నేను చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ చెప్పమన్నాను. అతను పాపం గట్టిగా అరిచి చెప్పాడు, వీధిలోవాళ్ళకి కూడా వినపడింది.

"ఎప్పటికి ఖాళీ చేయగలరమ్మా?"

తొట్టి మీద మూత పెట్టి గోనెలు కప్పాను.

ఇల్లు మీది. అమ్ముకోవడం మీ ఇష్టం. మీ అన్నయ్య తన వాటా డబ్బుగా తీసుకుని ఈ అద్దకం సామాను కొన్న రోజే ఇల్లు మీకు రాసిచ్చేశారు, అందులో నాకు మాటలేదు. నేను అడిగేది ఒక్కటే. ఖాళీ చెయ్యమని చెప్పలేకనా కర్టెన్ల పని ఇప్పించారు? ఆ అడ్వాన్సు దేనికి, నా నోరు మూయించడానికా? మొహం మీద చెబితే నేను పడేదాన్ని. టేపు పట్టుకున్న మనిషితో చెప్పించారు.

తొట్టి కదలదు. అది నేలలో ఉంది. మోసుకుపోవడానికి అది బీరువా కాదు. ఇక్కడి నుంచి వెళ్ళాలంటే దాన్ని కాలవలోకి వదిలేసి వెళ్ళాలి. మీ అన్నయ్య చేతిది ఇంక నా దగ్గర ఏమీ ఉండదు. ఈ వయసులో కొత్త తొట్టి పులియబెట్టి, అది ఎప్పుడు ప్రాణం పోసుకుంటుందా అని కూర్చునే ఓపిక నాకు లేదు. ఆ సంగతి మీకు తెలిసే ఉంటుంది.

అద్దెకి లోటు చేశానా అంటే అదీ లేదు. నెలనెలా టంచనుగా మీకు అందుతూనే ఉంది. ఒట్టు తప్పాను, తప్పితే తప్పాను.

ఇట్లు,
మీ ఇంట్లో అద్దెకున్న మనిషి


నర్సుల హాస్టల్, కింది అంతస్తు,
ఇన్‌స్పెక్షన్ అయిపోయిన రోజు.

వదినా,

నువ్వు నాలుగు తిట్టినా పడతాను, ఈ 'గారు' మాత్రం పడలేను. నీ ఉత్తరం ఆఫీసు గదిలో అందరి ముందూ విప్పాను. చదివి, ఏదో లెక్క చూడాలని చెప్పి స్టోరు గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

ఇన్నాళ్ళూ మింగలేక కక్కలేక ఉన్నాను. ఇప్పుడు నువ్వే ఒట్టు తప్పావు కాబట్టి నేనూ తప్పుతాను. అద్దె టంచనుగా అందుతోందని రాశావు. అందడం లేదు వదినా. వానలు మొదలైన నెల నుంచి ఒక్కసారి కూడా రాలేదు.

మొదటి నెల ఆలస్యమైందనుకున్నాను. రెండో నెల నీకేదో ఇబ్బంది వచ్చిందనుకున్నాను. అడుగుదామని కలం పట్టుకుంటే మనం మాటలు మానేసిన ఆ ఏడాది గుర్తొచ్చేది. మళ్ళీ అలా ఉండే శక్తి నాకు లేదు, అద్దె పోతే పోనీ అనుకున్నాను. ఇంతలో నీ దుప్పటి వచ్చింది. అద్దె ఇవ్వలేకపోతున్నానని మొహం చెల్లక, ఉన్నదంతా ఊడ్చి నాకు దుప్పటి పంపావనుకున్నాను. దాన్ని కప్పుకున్న ప్రతిసారీ నీ మీద జాలి పడ్డాను. నువ్వేమో అక్కడ డబ్బు మిగిలిందని సంబరపడుతున్నావు.

ఇల్లు నేను అమ్మడం లేదు. అసలు సంగతి ఇది. ఇల్లు బ్యాంకులో తాకట్టులో ఉంది. చాలా ఏళ్ళ కిందట నేను అప్పు తీసుకున్నాను. నీ అద్దె నా ఖాతాలో పడగానే అదే బ్యాంకు దాన్ని అప్పు కింద పట్టుకుంటుంది. అద్దె ఆగిపోయాక కొంత నా జీతంలోంచి కట్టాను. తర్వాత కట్టలేకపోయాను. నోటీసు వచ్చింది. ఆ టేపు మనిషి నేను పంపినవాడు కాదు, విలువ కట్టడానికి బ్యాంకు పంపినవాడు. బాకీ తీర్చకపోతే ఇల్లు వేలం వేస్తారు. ఇల్లు పోతే నాకీ హాస్టల్ గది ఉంది. నీ తొట్టి మాటేమిటని తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. నీకు చెప్పే ధైర్యం లేక, ఏవో కాగితాలని రాశాను.

అప్పు ఎందుకు తీసుకున్నానని మాత్రం అడగకు.

నీ డబ్బు ఎక్కడ ఆగిందో వెంటనే వెళ్ళి కనుక్కో. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనిద్దరం అడగకుండా కూర్చుని ఇల్లు పోగొట్టుకునేలా ఉన్నాం.

నీ పిచ్చుక


అద్దకం గది నుంచి,
బ్యాంకు నుంచి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా.

పిచ్చుకా,

ముందు ఆ పాత ఉత్తరం పొయ్యిలో పెట్టు. రాసిన చేతికి వాత పెట్టుకోవాలి గానీ రేపు ఇదే చేత్తో పని ఉంది.

బ్యాంకుకి వెళ్ళాను. వానల్లో బోర్డు మారితే రంగు వేయించారనుకున్నాను. రంగు కాదట, మన చిన్న బ్యాంకుని ఒక పెద్ద బ్యాంకు మింగేసింది. మింగినప్పుడు ఖాతాలు లోపలికి వెళ్ళాయి, నెలనెలా ఫలానావాళ్ళకి ఇంత పంపమని మనం చెప్పి పెట్టిన మాటలు మాత్రం గొంతులో ఇరుక్కున్నాయి, మళ్ళీ వెళ్ళి సంతకం పెడితేనే కదులుతాయట. నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారట. కరెంటు బిల్లు ఆగి దీపాలు పోయినవాళ్ళు కూడా క్యూలో ఉన్నారు. నాకు దీపం పోలేదు, డబ్బు మిగిలింది. నేను దాంతో దుప్పటి కొన్నాను.

కౌంటర్లో చిన్న వయసు పిల్ల. నాకు వినపడడం లేదని గ్రహించి, గొంతు పెంచకుండా ప్రతి జవాబూ చీటీ మీద రాసి ఇచ్చింది. మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలని ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. ప్రతి నెలా మెసేజ్ పంపాం అని రాసింది. ఏ నంబరుకి అని అడిగాను. ఆ పిల్ల నంబరు రాసి నా వైపు తిప్పింది.

మీ అన్నయ్య నంబరు పిచ్చుకా. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చింది, ఎవరూ మార్చలేదు. ఇన్ని నెలలూ బ్యాంకు ఆయనకే చెబుతోంది. బతికున్నప్పుడే ఆయనకి చెబితే నాకు చేరేది కాదు. నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ పిల్ల లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

తర్వాత నీ అప్పు సంగతి అడిగాను. అది పై అంతస్తట. పైకి వెళ్ళి ఆ అధికారితో చెప్పాను, మీ కింది అంతస్తు డబ్బు పంపలేదు, అందుకే మీ పై అంతస్తుకి అందలేదు అని. కింద ఏం జరిగిందో మాకు తెలియదమ్మా, మాకు బాకీ మాత్రమే కనపడుతుంది అన్నాడు. మధ్యలో పట్టుమని ఇరవై మెట్లు లేవు. కోప్పడదామనుకుని, మనిద్దరం గుర్తొచ్చి ఊరుకున్నాను. మళ్ళీ కిందకి దిగి ఆ పిల్లని వెంటబెట్టుకుని పైకి వెళ్ళాను. పొరపాటు మాదేనని ఆ పిల్ల రాసి సంతకం చేసి ఇచ్చింది. అప్పుడు ఆయన కళ్ళజోడు తీసి, జరిమానా వడ్డీ రద్దు చేస్తానని, నెలాఖరులోగా ఆగిన వాయిదాల బాకీ మొత్తం కడితే ఆ వేలం మాట ఉండదని చెప్పాడు. కట్టకపోతే మాత్రం తన చేతుల్లో లేదన్నాడు.

నెలాఖరు ఎంతో దూరం లేదు. ఆగిన అద్దె అంతా నా ఖాతాలోనే ఉండాలి కదా అంటావు. ఉండేది, కొంత కప్పుకి పోయింది, కొంత దుప్పటికి పోయింది, మిగిలింది చాలదు. కర్టెన్ల అడ్వాన్సు కలిపితే సరిపోతుంది. కానీ అది పరాయి సొమ్ము. బట్ట ఇంకా సగం కూడా కాలేదు. పని అప్పజెప్పకుండా వాళ్ళ డబ్బు వాడుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ కమిటీ పెద్దల్ని అడిగి, ఒప్పుకుంటారో లేదో వెంటనే రాయి. కర్టెన్లు ఒక్కటి కూడా తగ్గకుండా ఇస్తానని నా మాటగా చెప్పు.

ఇంకొకటి. అడగొద్దన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఒంటరి మనిషివి, హాస్టల్లో తిండి, హాస్టల్లో మంచం. అంత అప్పు ఎందుకు చేశావు?

వదిన


నర్సుల హాస్టల్,
నీ ఉత్తరం అందిన పూటే.

వదినా,

కమిటీని అడిగాను. ఒప్పుకుంది. కమిటీ అంటే నేనే.

కర్టెన్లు ఎవరూ అడగలేదు. నీకు చేతిలో డబ్బు ఆడటం లేదనుకున్నాను. ఊరికే పంపితే తిరిగి పంపిస్తావు, ఆ పాఠం ఒకసారి నేర్చుకున్నాను. అందుకే నేను దాచుకున్నది తీసి బట్ట కొన్నాను, మిగతాది అడ్వాన్సుగా వేశాను. అది నీకు పంపేశాక నా దగ్గర వాయిదా కట్టడానికి లేకపోయింది, అందుకే నోటీసు వచ్చింది. ఇప్పుడు నా డబ్బు నీ దగ్గర్నుంచి నా అప్పుకే వెళుతోంది. ఈ తెలివికి నన్ను ఏమంటావో నాకు తెలుసు. అను. తీసి కట్టెయ్యి, ఇంకేమీ ఆలోచించకు.

అప్పు సంగతి. రాయకూడదనే ఇన్నేళ్ళూ ఉన్నాను. అన్నయ్య గుండె ఆపరేషన్‌కి తీసుకున్నాను వదినా.

అద్దకం పనివాళ్ళ సంఘం ఇచ్చిందని నీకు చెప్పాడు కదా. సంఘం దగ్గర అంత డబ్బు ఎక్కడిది? ఆసుపత్రిలో నువ్వు మందులకి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు అన్న మాటలు ఇప్పటికీ నాకు అలాగే వినపడతాయి.

"మీ వదినకి చెప్పకే పిచ్చుకా. అప్పని తెలిస్తే సామాను అమ్మేసి, తొట్టి ఒలకబోసి, ఎక్కడో పనికి కుదురుతుంది. నేను లేకపోయినా పొద్దున్నే లేచి చూసుకోవడానికి దానికి ఏదో ఒకటి ఉండాలి."

మాట ఇచ్చాను. వాడు పోయాక నువ్వు అద్దె ఇస్తానని పట్టుబట్టావు. నాకు తీసుకోవాలని లేదు. ఆ మొదటి ఏడాది సగం తిప్పి ఇచ్చి, వాయిదాకి తగ్గింది జీతంలోంచి కట్టాను. తర్వాత చేతకాలేదు. అందుకే బ్యాంకు ద్వారా అయితే పుచ్చుకుంటానని ఒప్పుకున్నాను. సొంత వదిన దగ్గర అద్దె పుచ్చుకుంటోందని మన చుట్టాల్లో అనుకున్న సంగతి నాకు తెలుసు. నువ్వు కూడా ఒకరిద్దరితో అన్నావని తెలుసు. బాధపడ్డాను. కానీ నిజం చెప్పడం కంటే అదే తేలికనిపించింది.

వాడికిచ్చిన మాట ఇవాళ తప్పాను. ఇల్లు పోయేలా ఉంది కాబట్టి వాడు ఏమీ అనడనుకుంటున్నాను.

పిచ్చుక


అద్దకం గది నుంచి,
నెలాఖరుకి ముందే.

నా పిచ్చుకా,

కట్టేశాను. పై అంతస్తు ఆయన రసీదు ఇచ్చాడు. వేలం లేదు, ఖాళీ చేయడం లేదు. ఈ ముక్క ముందు రాస్తున్నాను, నువ్వు అన్నం తినాలి కాబట్టి.

నీ ఉత్తరం వచ్చిన రోజు తొట్టి కలపలేదు. మూత కూడా తీయలేదు. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. మొదట ఆయన మీద కోపం వచ్చింది, నాకు చెప్పకుండా నీకు చెప్పినందుకు. తర్వాత నీ మీద వచ్చింది. ఆ తర్వాత నా మీదికి తిరిగింది, అది మాత్రం ఇంకా పోలేదు. నిజమే, అద్దె ఇస్తానని పట్టుబట్టింది నేను, నువ్వు ఒప్పుకోగానే నొచ్చుకున్నదీ నేనే. దర్జీ భార్యతో అన్నాను, తోడబుట్టినవాడి భార్య దగ్గర కూడా లెక్క లెక్కే అని. ఆ ఆపరేషన్ వల్ల ఆయన ఇంకో రెండు వానాకాలాలు ఈ గట్టు మీద నా పక్కన కూర్చున్నారు. ఆ రెండేళ్ళు నువ్వు ఇచ్చావు. నేను నీ మీద మాట అన్నాను. నన్ను క్షమించమని అడగను, అడిగితే నువ్వు 'ఆఁ, ఊఁ' అంటావు.

సంఘానికి రుణపడ్డానని, వాళ్ళ ఆఫీసు బల్లల మీద గుడ్డలన్నీ ఊరికే అద్ది ఇచ్చాను తెలుసా? ఎందుకో తెలియక అధ్యక్షుడు తెల్లమొహం వేశాడు. ఇన్నేళ్ళకి అర్థమైంది, పాపం.

ఆ కౌంటర్ పిల్ల రెండు విషయాలు అడిగింది. నెలనెలా అద్దె పంపే ఏర్పాటు మళ్ళీ పెట్టమంటారా అని మొదటిది. వద్దన్నాను. ఒకటో తారీఖున పొద్దున డబ్బు తీసుకుని నేనే బస్సెక్కి వస్తాను. నీ చేతిలో పెడతాను, నువ్వే దాన్ని అప్పుకి కట్టు. అప్పు మా ఆయనది, కాబట్టి సగం తిప్పి ఇచ్చే వేషాలు ఇంక సాగవు. పోట్లాడితే ఎదురెదురుగా కూర్చుని పోట్లాడదాం. ఆ మాట ఎత్తకూడదనే ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను.

రెండోది, ఖాతాకి నంబరు మార్చాలి, ఎవరిది రాయమంటారని. నా ఫోన్‌కి వచ్చింది నేను చదవను, ఆ సంగతి నాకు తెలుసు. ఆ పాత నంబరు ఒకసారి పైకి చదువుకున్నాను. ఆఖరికి నీ నంబరు రాయించాను. ఇంక నా సంగతి ఏదైనా ఉంటే బ్యాంకు నీతోనే చెబుతుంది.

తొట్టి తేరుకుంది. ఇవాళ పొద్దున మూత తీస్తే పువ్వు అరచేయంత లేచి ఉంది. ముందు అద్దిన కర్టెన్లు పార్సిల్లో పంపాను, ఆఖరి విడత ఆరుతున్నాయి, మూట కట్టి వచ్చేటప్పుడు తెస్తాను. కమిటీ వారిని దగ్గరుండి సరిచూసుకోమని మనవి.

నీ వదిన


హాస్టల్ గేటు దగ్గర, వాచ్‌మన్ చేతికి ఇచ్చిన చీటీ,
ఒకటో తారీఖు.

వదినా,

పొద్దున పిల్లల హాజరు తీసుకుంటుంటే నా ఫోన్ మోగింది. నువ్వు బ్యాంకులో డబ్బు తీశావని మెసేజ్. అన్నయ్యకి వెళ్ళాల్సింది నాకు వచ్చిందని, హాజరు ఎక్కడ ఆపానో మరిచిపోయాను. డబ్బు తీశావంటే బస్సెక్కేశావన్న మాటే కదా. ఇక్కడ పిల్లలందరికీ మా వదిన వస్తోందని చెప్పేశాను.

నువ్వొచ్చే వేళకి నేను పై అంతస్తులో ఉంటాను, డాక్టరమ్మ పిల్లల్ని చూడటానికి వస్తోంది. గేటు దగ్గర నిలబడకు. మూట వాచ్‌మన్‌కి ఇవ్వు, మోస్తాడు. వరండాలో మెల్లగా నడువు, రాత్రి డ్యూటీ పిల్లలు నువ్వు ముందు పంపిన కర్టెన్లు వేసుకుని పడుకున్నారు. మొహాల మీద తువ్వాళ్ళు లేకుండా వీళ్ళు నిద్రపోవడం ఇన్నేళ్ళలో ఇప్పుడే చూస్తున్నాను.

చివరి గది నాది. తలుపు తట్టకు, తోసుకుని వెళ్ళు. ఫ్లాస్కులో టీ ఉంది. మంచం మీద దుప్పటి మడత విప్పి ఉంచాను, వచ్చేదాకా కాళ్ళ మీద కప్పుకుని కూర్చో.

సంచి నీ దగ్గరే పెట్టుకో. నేను దాని జోలికి రాను.

పిచ్చుక